తీర్థం అంటే రేవు

గోదావరి రేవులో మా తండ్రిగారికి తొలిసారి తర్పణం విడిచిన నాడు, తెలియక వేళ్ళ కొసల మీదుగా నీరు వదలబోయాను. వృద్ధులైన పురోహితులు వారించారు. “అది దేవతీర్థం బాబూ! పితృదేవతలకు బొటనవ్రేలికీ చూపుడువ్రేలికీ నడుమనుండి విడవాలి. అది పితృతీర్థం.”

నాన్నగారికి కాశీయాత్ర చిరకాల వాంఛ. ‘వచ్చే ఏడు చూద్దాం’ అంటూ వాయిదా వేసినవాణ్ణి నేనే. ఆయనను ఏ తీర్థానికీ తీసుకుని వెళ్ళని నాకు, నా అరచేతిలోనే తీర్థాలు ఉన్నాయని ఆయన పోయిన తరువాత తెలిసింది. ఆ మాట మనసును కలచివేసింది. ఇంటికి వచ్చి అమరకోశం తెరిచాను.

‘తౄ’ ధాతువుకు దాటడమని అర్థం. దాటడానికి అనువైన తావు తీర్థం. నదికి ఒడ్డు ఎంత పొడవైనా ఉండవచ్చు. లోతు తెలిసి, దిగడానికి వాలు కుదిరి, పదిమందీ నడిచిన చోటు మాత్రమే తీర్థమవుతుంది. మన తెలుగులో రేవు. అర్చకస్వామి ఉద్ధరిణెతో పోసే జలమే తీర్థమని ఎరిగిన నాకు ఇది కొత్తగా తోచింది. అమరసింహుడు ఈ పదానికి నీటిరేవు, ఋషులు సేవించిన జలం అన్న అర్థాలతో పాటు శాస్త్రం, గురువు అన్న అర్థాలు కూడా చెప్పాడు.

గురువు రేవు ఎట్లా అయ్యాడు? భారవి కిరాతార్జునీయం ద్వితీయ సర్గలో ఒక ఉపమానం ఉన్నది. ఎంత లోతైన మడుగైనా మెట్లు కట్టి ఉంటే దిగవచ్చు. దుర్గమమైన శాస్త్రమూ అటువంటిదే అని దాని భావం. ఆ మెట్లు కట్టేవాడు గురువు. ఒకే గురువు వద్ద చదివినవారు సతీర్థ్యులు. నేటి పిల్లల ‘క్లాస్‌మేట్’లో ఒకే గది కనిపిస్తుంది గాని, ఒకే రేవులో దిగిన చనువు కనిపించదు.

జైనులకు తీర్థంకరుడు సంసారాన్ని దాటే రేవును నిర్మించేవాడు. సాధువులు, సాధ్వులు, శ్రావకులు, శ్రావికలు కలిసిన సంఘాన్నే వారు తీర్థమంటారు. తెలంగాణలోని కొలనుపాక వారికి పూజ్యమైన తీర్థం. బౌద్ధ గ్రంథాలలో మాత్రం ‘తీర్థికులు’ అంటే ఇతర మతాలవారు! కౌటిల్యుడు మంత్రి, పురోహితుడు మొదలైన పద్దెనిమిదిమంది రాజాధికారులను తీర్థాలన్నాడు. రాజును చేరడానికి వారే రేవులు కాబోలు.

మన కోనసీమలో తీర్థమంటే జనం కూడే ఉత్సవం. కనుమనాడు జగ్గన్నతోటలో ఏకాదశ రుద్రుల ప్రభలు కొలువుదీరేది ప్రభల తీర్థం. వాటిలో కొన్నింటిని భక్తులు భుజాలకెత్తుకుని, కౌశికలో దిగి, నీటికి అడ్డంగా నడిచి ఆవలికి చేరుస్తారు. నిఘంటువు చూడకుండానే మనవారు ఆ పదంలోని దాటడాన్ని నిలుపుకున్నారు.

మహాభారతం వనపర్వంలో పులస్త్యుడు భీష్మునికి చెప్పిన మాట నన్ను మరింత ఆకట్టుకున్నది. యజ్ఞాలకు సంభారాలు కావాలి, ధనం కావాలి. దరిద్రునికి అవి సాధ్యం కావు, తీర్థయాత్ర సాధ్యమవుతుంది అంటాడాయన. పుష్కరాలలో దాతల పేర్లు చెక్కిన మెట్ల మీదుగా చెప్పులైనా లేని కాళ్ళు ఎన్ని దిగుతాయో చూసినవారికి ఈ మాట వేరుగా వివరించనక్కరలేదు. ఆ రాయి వేయించినవారు తీర్థాన్ని తీర్థం చేసినవారే.

అనుశాసన పర్వంలో భీష్ముడు ధర్మరాజుకు మానసతీర్థాన్ని ఉపదేశిస్తాడు. సత్యం జలంగా, ధైర్యం మడుగుగా గల తీర్థమది. ‘అది ఉండగా ప్రయాణాలెందుకు?’ అని కొందరంటారు. నేనూ ఒకప్పుడు నాన్నగారితో ఇంచుమించు అదే అన్నాను. అప్పటికి ఆ ఘట్టం పూర్తిగా చదవలేదు. మనసులోని తీర్థంలోనూ, భూమి మీది తీర్థంలోనూ, రెండింటా స్నానం చేసినవాడు శీఘ్రంగా సిద్ధి పొందుతాడని భీష్ముడు అక్కడే చెప్పాడు. అయినా నాన్నగారు నన్ను అడిగినది వేదాంతం కాదు, కాశీ.

గత కార్తికంలో అమ్మను కాశీకి తీసుకుని వెళ్ళాను. దశాశ్వమేధ ఘట్టంలో మెట్టు మెట్టుకూ ఆగుతూ, నా చేయి పట్టుకుని ఆమె గంగలోకి దిగారు. నాన్నగారి పేరు, గోత్రం చెప్పి నీరు విడిచాను. ఈసారి నా చేతిని ఎవరూ సరిచేయవలసిన అవసరం రాలేదు.