పక్షవాతానికి మూలకణాలు, మొక్కల మాత్రలు: ఎంతవరకు నమ్మవచ్చు?

పక్షవాతం వచ్చిన మనిషిని ఇంటికి తీసుకువెళ్ళాక తలా ఒక మాట చెబుతారు. "మూలకణాలు (స్టెమ్ సెల్స్) ఎక్కిస్తే, వాటితోపాటు మొక్కల యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు వాడితే పడిపోయిన చెయ్యీ కాలూ వస్తాయట" అంటారు. పొలమో, నగలో అమ్మేముందు ఈ విషయాలు తెలుసుకోండి.

ఈ ఆలోచన ఎలా వచ్చింది?
రక్తం అందక మెదడు కణాలు చనిపోయినప్పుడు ఫ్రీ రాడికల్స్ అనే హానికర పదార్థాలు పుడతాయి. అలాంటి చోట మూలకణాలు ఎక్కువకాలం బతకలేవు. పసుపులోని కర్‌క్యుమిన్, గ్రీన్ టీలోని కాటెచిన్‌ల వంటివి ఆ హానిని తగ్గిస్తే మూలకణాలు బాగా పనిచేస్తాయని శాస్త్రజ్ఞుల ఆశ. జంతువులపై జరిగిన కొన్ని ప్రయోగాలు ఆశాజనకంగా ఉన్నాయి.

మనుషుల్లో ఫలితం ఏమిటి?
మన దేశంలో ఐదు కేంద్రాలలో 120 మంది రోగులతో జరిగిన పరిశోధన ఫలితాలు 2014లో వెలువడ్డాయి. సొంత ఎముక మజ్జ కణాలు ఎక్కించుకున్నవారికీ, ఎక్కించుకోనివారికీ కోలుకోవడంలో తేడా కనిపించలేదు. మూలకణాలు, మొక్కల మాత్రలు కలిపి వాడితే మేలని మనుషుల్లో రుజువు కాలేదు.

భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం, పక్షవాతానికి మూలకణాలను అనుమతి పొందిన పరిశోధనలో భాగంగానే ఇవ్వాలి. అందుకు రోగి నుంచి డబ్బు తీసుకోకూడదు. కాబట్టి ఎవరైనా లక్షలు అడిగితే "ఇది పరిశోధనా? అనుమతి పత్రం చూపండి" అని అడగండి.

మాత్రలతో జాగ్రత్త
కూరలో వేసే పసుపుతో భయం లేదు. కానీ కర్‌క్యుమిన్, జింకో మాత్రలు రక్తాన్ని పలుచన చేసే మందులతో కలిస్తే రక్తస్రావం కావచ్చు. డాక్టరుకు చెప్పకుండా వాడకండి. వార్ఫరిన్ వాడేవారు ఆకుకూరలు ఒక్కసారిగా పెంచకూడదు, మానకూడదు.

మీరు చేయగలిగినది
• ఫిజియోథెరపిస్టు నేర్పిన వ్యాయామాలు రోజూ చేయించండి. మొదటి మూడు నెలల్లో మెరుగుదల ఎక్కువ. తరువాత కూడా ఉంటుంది.
• బి.పి., షుగరు మందులు మానకుండా చూడండి. ఉప్పు తగ్గించండి, పొగాకు మాన్పించండి.
• మింగేటప్పుడు దగ్గు వస్తుంటే వెంటనే డాక్టరుకు చెప్పండి.
• మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చేయండి. గడ్డను కరిగించే ఇంజక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి.

కొత్త వైద్యం రుజువైన రోజున మీ డాక్టరే చెబుతారు. అంతవరకు మీ డబ్బు, ఓపిక వ్యాయామానికి, మందులకు ఉపయోగించండి.