ఆక్సిజన్ సెన్సర్ విప్పడం వస్తే మెకానిక్ పని వచ్చినట్టే

పాత పెట్రోల్ కారు ఎగ్జాస్ట్ పైపుకు బిగించిన ఆక్సిజన్ సెన్సర్, పొగలో ఎంత ఆక్సిజన్ మిగిలిందో ఇంజిన్ కంప్యూటర్‌కు చెబుతుంది. పెట్రోల్ ఎంత వదలాలో కంప్యూటర్ ఆ లెక్కతోనే సరిచూసుకుంటుంది. 1976లో వోల్వో కార్లలో బాష్ సెన్సర్‌తో మొదలైన ఏర్పాటు ఇది. సెన్సర్ చెడితే మైలేజీ పడిపోవచ్చు, చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది.

లైటు వెలగ్గానే సెన్సర్ మార్చేసే మెకానిక్‌లు తక్కువేం కాదు. ఎగ్జాస్ట్ లీకైనా, వైరు తెగినా కంప్యూటర్ అదే లోపం కోడు చూపవచ్చు. ముందు వైర్లు చూడాలి. ఇంజిన్ వేడెక్కాక పాత రకం సెన్సర్ వోల్టేజీ 0.1, 0.9 వోల్టుల మధ్య చకచకా మారుతోందో లేదో స్కానర్‌లో గమనించాలి. ఆ తర్వాతే పానా పట్టాలి.

ఏళ్ల తరబడి వేడికి, తుప్పుకు సెన్సర్ మరలు పైపులో బిగుసుకుపోతాయి. అసలు పనితనం తెలిసేది ఇక్కడే. ముందురోజు రాత్రే, పైపు చల్లగా ఉన్నప్పుడు, తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచాలి. కాలే పైపు మీద కొడితే మంట అంటుకోవచ్చు. మర్నాడు ఇంజిన్‌ను కాసేపు నడిపి, పైపు వేడి మీద ఉండగానే మందపాటి గ్లౌజులు వేసుకుని, వైరు దూరేందుకు చీలిక ఉన్న 22 ఎంఎం సాకెట్‌తో విప్పాలి. కొంచెం తిప్పి, మళ్లీ వెనక్కి బిగించి, మళ్లీ తిప్పాలి. ఒక్కసారిగా బలం చూపిస్తే పైపులోని మర ఊడి వస్తుంది, కాస్త నూనెతో అయ్యే పని వెల్డింగ్ దాకా పోతుంది. విప్పాక 18×1.5 ట్యాప్‌తో మర శుభ్రం చేసి, కొత్తదాన్ని మొదట చేత్తోనే ఎక్కించాలి. పట్టేయకుండా రాసే పేస్టు మరలకే, కొనకు తగలకూడదు. ముందే పూత ఉన్న సెన్సర్‌కు అదీ అక్కర్లేదు.

ఈ పని నేర్చుకోవాలనుకుంటే, పదో తరగతి పాసైనవారికి ఐటీఐలో రెండేళ్ల మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడ్ ఉంది. తమిళనాడు సరిహద్దు దగ్గరున్న నగరి లాంటి ఊళ్ల విద్యార్థులకు ఒకవైపు తిరుపతి, ఇంకోవైపు చెన్నై రోడ్డు. శ్రీపెరంబుదూరు దగ్గర హ్యుందాయ్ ప్లాంటు, శ్రీసిటీలో 2016లో మొదలైన ఇసుజు ప్లాంటు ఆ చుట్టుపక్కలవే. అయితే ఫ్యాక్టరీ పని కొత్త బండిని కూర్చడం, పట్టేసిన సెన్సర్ తగిలేది గ్యారేజీలో, సర్వీస్ సెంటర్‌లో. బ్యాటరీ కార్లకు ఈ సెన్సరే ఉండదు కాబట్టి, పానాతో పాటు మల్టీమీటరూ స్కానరూ చేతికిచ్చే చోట అప్రెంటిస్‌గా చేరడం మేలు.