ఘాట్ రోడ్డు లెక్కలు: సైకిల్ మీద అరకు

సెమిస్టర్ పరీక్షలు అయిపోగానే ప్రతి హాస్టల్లోనూ వినిపించే మాట "అరకు పోదాం రా". ఈమధ్య ఆ ప్లాన్ బైకుల నుంచి సైకిళ్ల మీదకి కూడా వచ్చింది. మంచిదే. కానీ ప్లాన్ వేసేవాళ్ల లెక్క మాత్రం ఎప్పుడూ ఒకేలా ఉంటుంది: "వైజాగ్ నుంచి సుమారు 115 కిలోమీటర్లు. గంటకి 20 చొప్పున తొక్కితే ఆరు గంటలు. తెల్లారుజామున బయల్దేరితే మధ్యాహ్నం భోజనం అక్కడే."

భాగహారం కరెక్టే. తీసుకున్న సంఖ్యతోనే చిక్కు. కొండ దారిలో మనల్ని నడిపించేవి మూడు: ఎక్కాల్సిన మీటర్లు, సైకిల్లో ఉన్న అతి తేలిక గేరు, దిగేటప్పుడు పనిచేసే బ్రేకులు. ఈ మూడింటినీ ఇంటర్ ఫిజిక్స్‌తోనే లెక్క కట్టొచ్చు. రండి, కడదాం.

దారి ఎలా ఉంటుంది?

వైజాగ్ నుంచి పెందుర్తి, కొత్తవలస మీదుగా శృంగవరపుకోట దాకా, అంటే సుమారు సగం దారి, పెద్ద ఎత్తుపల్లాలు ఉండవు. ఎస్.కోట దాటాక తూర్పు కనుమలు మొదలవుతాయి. తైడా, అనంతగిరి మీదుగా మలుపులు తిరుగుతూ రోడ్డు అడవిలోకి ఎక్కుతుంది. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ తోటలు, ఆ చెట్లకే అల్లుకున్న మిరియాల తీగలు, రోడ్డు పక్కన బొంగులో చికెన్ కాల్చే బడ్డీలు కనిపిస్తాయి. చలికాలం మొదట్లో వెళ్తే అరకు పొలాల్లో పసుపు పచ్చని వలిసె పూలు ఉంటాయి.

అరకు సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది. అంటే 900 మీటర్లు ఎక్కితే చాలా? చాలదు. గాలికొండ దగ్గర రోడ్డు అరకు కంటే పైకి వెళ్లి, మళ్లీ లోయలోకి దిగుతుంది. ఇక్కడ మన సీఎస్ బుర్రకి ఒక చిన్న ప్రోగ్రాం.

ఒక దారిలో వరసగా నాలుగు చోట్ల ఎత్తులు 100, 300, 200, 400 మీటర్లు అనుకోండి. చివరిదాంట్లోంచి మొదటిది తీసేస్తే 300. కానీ కాళ్లు ఎక్కింది 200 ప్లస్ 200, అంటే 400. మధ్యలో దిగిన 100 మీటర్లు మనకి ఎవరూ వెనక్కివ్వరు. కాబట్టి లూప్‌లో పాజిటివ్ తేడాల్ని మాత్రమే కూడాలి, నెగెటివ్ వస్తే సున్నా వేసుకోవాలి. మ్యాప్ యాప్‌లలో "టోటల్ అసెంట్" అని చూపించేది ఇదే. ఏ కొండ రూట్‌కైనా కిలోమీటర్ల కంటే ముందు చూడాల్సింది ఈ సంఖ్యని.

కాళ్లకి ఎన్ని వాట్లు?

మనిషి 65 కిలోలు, సైకిల్ 14, బ్యాగులు, నీళ్లు 6. మొత్తం 85 కిలోలు. లెక్క సులువుగా ఉండటానికి 1,000 మీటర్లు ఎక్కాలి అనుకుందాం. ఎంజీహెచ్ ప్రకారం 85 × 9.8 × 1,000 = 8,33,000 జౌల్స్. మన శరీరం తిన్నదాంట్లో దాదాపు నాలుగో వంతునే పెడల్‌కి పంపగలదు, మిగతాదంతా వేడిగా, చెమటగా పోతుంది. అంటే ఎక్కడానికే దాదాపు 800 కేలరీల తిండి కావాలి. రెండు ఇడ్లీలు తిని ఘాట్ మొదలుపెడితే ఏమవుతుందో ఊహించుకోండి.

రోజూ ప్రాక్టీస్ లేని ఒక స్టూడెంట్ గంటల తరబడి ఇవ్వగలిగే పవర్ 120 వాట్లు అనుకుందాం. ఈ పవర్‌తో చదును రోడ్డు మీద గంటకి 20 నుంచి 24 కిలోమీటర్లు వెళ్లొచ్చు. అదే 5 శాతం ఎత్తులో, అంటే 100 మీటర్లు ముందుకెళ్తే 5 మీటర్లు పైకెక్కే రోడ్డులో, వేగం 9 కిలోమీటర్లకి పడిపోతుంది. 8 శాతంలో అయితే 6 కిలోమీటర్లు, అంటే గట్టిగా నడిచే మనిషి వేగం. మనిషి మారలేదు, కష్టం మారలేదు, రోడ్డు వాలు ఒక్కటే మారింది.

గేరు ఉన్నది ఎందుకు?

గేర్లంటే స్పీడ్ కోసం అని మనలో చాలామంది అనుకుంటాం. కొండ మీద గేరు చేసే పని దానికి రివర్స్: నెమ్మదిగా వెళ్తున్నా కాళ్లు హాయిగా తిరిగేలా చూడటం.

మామూలు గేర్లు లేని సైకిల్లో ముందు చక్రానికి 44 పళ్లు, వెనక ఫ్రీవీల్‌కి 18 పళ్లు ఉన్నాయనుకోండి. టైరు చుట్టుకొలత సుమారు 2.1 మీటర్లు. పెడల్ ఒక్క చుట్టు తిరిగితే సైకిల్ 5 మీటర్ల పైనే ముందుకెళ్లాలి. 8 శాతం ఎత్తులో గంటకి 6 కిలోమీటర్లు, అంటే నిమిషానికి 100 మీటర్లు. కాబట్టి పెడల్ నిమిషానికి 20 చుట్లే తిరుగుతుంది. ఒక్కో చుట్టుకి మూడు సెకన్లు! ప్రతి తొక్కులోనూ ఒళ్లంతా పెడల్ మీద వేయాలి. ఆ భారం పడేది మోకాళ్ల మీద.

అదే ముందు 28 పళ్లు, వెనక 34 పళ్లు ఉన్న గేరైతే, ఒక చుట్టుకి 1.7 మీటర్లే. అదే వేగంలో పెడల్ నిమిషానికి 58 చుట్లు తిరుగుతుంది. పవర్ అదే 120 వాట్లు, కానీ ఒక్కో తొక్కుకి పడే బలం మూడో వంతు. అందుకే సైకిల్ అద్దెకి తీసుకునేటప్పుడు "ఎన్ని గేర్లు?" అని అడిగి ఊరుకోకండి. ముందున్న అతి చిన్న చక్రానికి, వెనకున్న అతి పెద్ద చక్రానికి పళ్లు లెక్కపెట్టండి. 21 గేర్లున్నా ఆ ఒక్క జోడీయే మిమ్మల్ని గాలికొండ దాటిస్తుంది.

అడవి కొండ నేర్పిన పాఠం

ఈ ఆలోచన రేసుల కంటే ముందు టూరింగ్ చేసేవాళ్లకే పట్టింది. ఫ్రాన్స్‌లోని సెంట్ ఎతియేన్ ఊళ్లో పాల్ ద వివీ (1853-1930) అనే ఆయన ఉండేవాడు. కలం పేరు వెలోసియో. సైకిల్ పత్రిక నడిపేవాడు. ఊరి పక్కనే 1,161 మీటర్ల ఎత్తులో ఒక కనుమ ఉంది. దాని పేర్లలో ఒకటి "గ్రాం బ్వా", అంటే పెద్ద అడవి. అలాంటి కొండ దారుల్లో తొక్కుతూ, ఒకటి కంటే ఎక్కువ గేర్లు ఎందుకు ఉండాలో ఆయన ఏళ్ల తరబడి ప్రయోగాలు చేస్తూ, రాస్తూ పోయాడు.

1903లో మొదలైన టూర్ డి ఫ్రాన్స్ రేసు పెద్దలకి ఇది నచ్చలేదు. గేరు మార్చడం వాళ్ల దృష్టిలో బలహీనుల పని. ఆ రేసులో డిరైలర్ గేర్లని అనుమతించింది 1937లో! ఈరోజు ఆ రేసులో డిరైలర్ లేని సైకిల్ కనిపించదు. "తేలిక గేరులో తొక్కడం నామోషీ" అని ఎవరైనా అంటే ఈ కథ చెప్పండి. టూరింగ్ చేసేవాళ్లకి ఆయన చెప్పిన సలహాల సారం కూడా మనకి పనికొస్తుంది: ఆకలి, దాహం వేసేదాకా ఆగొద్దు, మొదటి గంటల్లో తొందరపడొద్దు, గొప్ప కోసం తొక్కొద్దు.

దిగడమే అసలు పరీక్ష

ఎక్కేటప్పుడు అలసిపోతే దిగి నెట్టుకుంటూ పోవచ్చు. ప్రాణం మీదకి తెచ్చేది తిరుగు ప్రయాణం. ఎక్కేటప్పుడు దాచుకున్న 8,33,000 జౌల్స్ అంతా దిగేటప్పుడు బయటికి రావాలి. ఆ ఎనర్జీతో దాదాపు 2.8 లీటర్ల నీళ్లని 30 డిగ్రీల నుంచి మరిగించొచ్చు! కొంత గాలి తీసుకుంటుంది, మిగతాది ఎక్కువగా బ్రేకులే మింగాలి. బ్రేక్ పట్టుకునే కిందిదాకా వస్తే రిమ్ము వేడెక్కి ట్యూబ్ పేలే ప్రమాదం కూడా ఉంది.

కాబట్టి మలుపుకి ముందే, రోడ్డు తిన్నగా ఉన్నప్పుడే, రెండు బ్రేకులూ గట్టిగా వేసి వేగం తగ్గించాలి. తర్వాత వదలాలి, చల్లారనివ్వాలి. ఒళ్లు కొంచెం వెనక్కి జరపాలి. గంటకి 20 నుంచి 40కి వెళ్తే వేగం రెండింతలే, ఆపాల్సిన ఎనర్జీ మాత్రం నాలుగింతలు. ఎదురుగా బస్సు మలుపు తిరుగుతుంటే ఆ తేడా ఏంటో వేరే చెప్పక్కర్లేదు. ఎడమ పక్కనే ఉండండి. వానాకాలంలో, చీకట్లో ఘాట్ దిగొద్దు.

ఇప్పుడు ప్లాన్ మళ్లీ వేద్దాం

120 వాట్లతో 5 శాతం ఎత్తులో గంటకి సుమారు 460 మీటర్లు పైకెళ్తాం. 1,000 మీటర్లకి ఆగకుండా తొక్కితేనే రెండు గంటల పైన. వాలు తగ్గే చోట్లు, మధ్య దిగుళ్లు, టీ, ఫొటోలు కలిపితే ఘాట్‌కే సగం రోజు కావాలి. కాబట్టి రెండు రోజులు పెట్టుకోండి. మొదటి రోజు ఎస్.కోట చేరి రాత్రి ఆగండి. రెండో రోజు తెల్లవారగానే, ఎండ ముదరకముందే, కడుపునిండా తిని ఘాట్ మొదలుపెట్టండి. దిగడానికి ఇంకో పగలు ఉంచుకోండి.

వెళ్లేముందు చిన్న హోంవర్క్. మీ బరువు, మీ సైకిల్ పళ్ల లెక్క, మీ రూట్ టోటల్ అసెంట్ పై లెక్కలో పెట్టి చూడండి. 8 శాతం ఎత్తులో పెడల్ నిమిషానికి 50 చుట్ల కంటే తక్కువ వస్తే సైకిల్ మార్చండి, లేదా బ్యాగు తగ్గించండి. రెండూ కుదరకపోతే ఆ ముక్క నడిచి ఎక్కండి. కాఫీ తోటల పక్కన నడవడం కూడా టూరింగే.