ఫోను పట్టుకుని మెట్ల మీదికి పోకు

నాయనా,

మొన్న చిక్కడపల్లిలో సిటీ సెంట్రల్ లైబ్రరీ బయట చాయ్ తాగుతూ నువ్వు చెప్పిన మాట నన్ను వదలడం లేదు. అశోక్‌నగర్ రూములో మీ అమ్మతో గోండిలో మాట్లాడుతుంటే తోటి పిల్లలు ‘అదేం భాషరా’ అని నవ్వుతున్నారనీ, అందుకే ఫోను పట్టుకుని మెట్ల మీదికి పోతున్నాననీ అన్నావు. అప్పుడు నా నోట మాట రాలేదు.

వాళ్లంతా గ్రూప్ వన్‌కు చదివేవాళ్లే కదా, 1921 సంగతి కంఠస్థమయ్యే ఉంటుంది. ఆ నవంబరులో ఇక్కడి వివేకవర్ధినిలో సంఘ సంస్కార సభ జరిగింది. అధ్యక్షుడు కార్వే. వకీలు ఆలంపల్లి వెంకటరామారావు లేచి తెలుగులో మొదలుపెట్టగానే సభలో గోల, ఎగతాళి. ఆ రాత్రే కొందరు కూర్చుని ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. మీ నోట్సులో అదొక బిట్టు, అంతే.

నారాయణగూడలో మాడపాటి హనుమంతరావు గారి బాలికల బడి చూశావా? ఆడపిల్లలకు తెలుగులో చదువు చెప్పాలని 1928లో పెట్టారు. నిజాం సర్కారు గుర్తింపు దొరక్క పూనాలోని మహిళా విశ్వవిద్యాలయాన్ని ఆశ్రయించారు. అది స్థాపించింది ఆ సభాధ్యక్షుడు కార్వేనే!

మీ భాషకూ ఒకప్పుడు బడి ఉండేది. కుమ్రం భీం 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగాక సర్కారు పంపితే వచ్చిన మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్, 1943లో మార్లవాయిలో గోండు పంతుళ్లకు శిక్షణ మొదలుపెట్టించాడు. గోండి వాచకాలు వేయించాడు. తర్వాత ఆ ఊళ్లకు నాలాంటి తెలుగు పంతుళ్లం వచ్చాం. వలస పాలన అనగానే కోచింగులో తెల్లదొరల గురించి చెప్తారు. ఆ అడవి బడిలో దొరను నేనే.

ఉట్నూరు వైపు ఆశ్రమ పాఠశాలలో కొత్తగా చేరాను. తరగతిలో తెలుగు తప్ప వినబడొద్దని హుకుం వేశాను. ఒక ఎండాకాలం మధ్యాహ్నం రెండో తరగతి పిల్లవాడు లేచి ‘ఏర్, ఏర్’ అన్నాడు. ఏటికి పోయి ఆడుకుంటానంటున్నాడనుకుని బెంచీ ఎక్కించాను. గంటసేపు కిక్కురుమనకుండా నిలబడ్డాడు. గోండిలో ఏర్ అంటే నీళ్లు. పిల్లవాడికి దాహమేసింది. సాయంత్రం వంటామె చెప్తే గానీ నాకు తెలియలేదు.

ఆ పిల్లవాడే మీ బాపు.

గుంజాలలో దొరికిన గోండి లిపి 2018లో యూనికోడులో చేరింది. సంతాలీ, బోడో 2003లోనే ఎనిమిదో షెడ్యూలుకెక్కాయి, గోండి ఇంకా బయటే ఉంది. దాని సంగతి ఢిల్లీలో తేలాలి. నువ్వు మాత్రం ఇవాళ రాత్రి రూములోనే కూర్చుని మీ అమ్మతో మాట్లాడు. ఎవరైనా నవ్వితే ఆ 1921 బిట్టు అడిగి చూడు.

బాపు ఫోను తీసుకున్నప్పుడు, బెంచీ సంగతి సార్ రాశాడనీ, తప్పు తనదేనన్నాడనీ గోండిలో చెప్పు. ఆ మాట నేనే చెప్పేంత గోండి నాకు ఇప్పటికీ రాదు.