వేరుశనగకు రెండు వానల లెక్క

మన ప్రాంతంలో వాన తక్కువని అందరూ అనే మాటే. లెక్క చూస్తే ఉమ్మడి చిత్తూరు జిల్లా సాధారణ వర్షపాతం సుమారు 900 మిల్లీమీటర్లు. అనంతపురానికి పడేది 550 మాత్రమే. అయినా తిరుచానూరు, చంద్రగిరి, రామచంద్రాపురం వైపు మెట్ట చేలలో చెనక్కాయ ఆగస్టులో ఎండుతుంది, పీకే వేళకు నానుతుంది. ఏడాది వాన రెండు ముక్కలుగా రావడమే దీనికి కారణం. రైతు ఈ రెండు ముక్కలనూ విడివిడిగా లెక్క వేసుకోవాలి.

మొదటిది నైరుతి, జూన్ నుంచి సెప్టెంబరు వరకు. అరేబియా సముద్రం నుంచి వచ్చే మబ్బులు పడమటి కనుమల దగ్గరే చాలావరకు దించేసుకుంటాయి. మన దాకా వచ్చేసరికి గాలి ఎక్కువ, వాన తక్కువ. ఒక ఊళ్లో కురిస్తే పక్క ఊళ్లో దుమ్ము లేస్తుంది. రెండోది ఈశాన్యం. అక్టోబరు 20 ప్రాంతంలో, అంటే చిత్త దాటి స్వాతి కార్తె వచ్చే వేళకు మొదలై డిసెంబరు దాకా ఉంటుంది. ఇది బంగాళాఖాతం వాన. సత్యవేడు, శ్రీకాళహస్తి, తిరుపతి వైపు గట్టిగా పడుతుంది. మదనపల్లె, కుప్పం వైపు పోయేకొద్దీ పలచబడుతుంది. అందుకే పడమటి మండలాల్లో చుట్టాలు విత్తేశారని మనం గొర్రు కట్టడం మంచిది కాదు. వాళ్ల వాన వేరు, మన వాన వేరు.

ఇప్పుడు పంటను ఈ రెండింటి నడుమ పెట్టి చూడండి. గుత్తి రకం వేరుశనగకు సుమారు 110 రోజులు. విత్తిన 25-30 రోజులకు పూత మొదలవుతుంది. 40-45 రోజులకు ఊడలు దిగుతాయి. 60 నుంచి 80 రోజుల మధ్య గింజ కడుతుంది. పూతకు ముందు రెండు వారాలు వాన లేకపోయినా చెట్టు తట్టుకుంటుంది. ఊడ దిగేటప్పుడు నేల గట్టిపడితే మాత్రం కాయ పోయినట్టే.

ఆరుద్ర కార్తెలో, జులై 1న విత్తితే అక్టోబరు 19కి చెట్టు పీకవచ్చు. వాన రాలేదని జులై 31న విత్తితే పీకే రోజు నవంబరు 18. ఆ తేదీ ఎలాంటిదో తిరుచానూరు వాళ్లకు చెప్పనక్కర్లేదు. 2021లో సరిగ్గా నవంబరు 18, 19 తేదీల్లోనే తిరుపతి నీట మునిగింది, స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్లను ఖాళీ చేయించారు. అమ్మవారి పంచమీ తీర్థం జరిగే కార్తీకం మనకు తుపాన్ల నెల. గుత్తి రకాల గింజకు సాధారణంగా నిద్రావస్థ ఉండదు. ముదిరిన కాయ తడి నేలలో నాలుగు రోజులుంటే అక్కడే మొలకెత్తుతుంది. కట్టె కూడా బూజు పట్టి పశువులకు పనికిరాకుండా పోతుంది.

అలాగని జూన్‌లో నాలుగు చినుకులు రాలగానే తొందరపడితే విత్తనం దండగ. ఎకరాకు 60 కిలోలకు పైగా గింజలు పడతాయి. రెండోసారి కొనాలంటే అప్పే గతి. కనీసం 20-25 మిల్లీమీటర్లు కురిసి, దాదాపు జానెడు లోతు పదునైతేనే విత్తాలి. ఎంత కురిసిందో తెలుసుకోవడానికి మండల ఆఫీసుకు పోనక్కర్లేదు. మూతి, అడుగు ఒకే వెడల్పున్న డబ్బా ఒకటి చెట్టు నీడ పడని చోట, చేలోనే పెట్టండి. ఉదయం ఎనిమిదిన్నరకు లోపలి నీటిలో స్కేలు నిలబెట్టి కొలవండి. స్కేలు మీద ఎన్ని మిల్లీమీటర్లో వాన అంతే. డబ్బా పెద్దదైనా చిన్నదైనా లెక్క మారదు. ఒక మిల్లీమీటరు వాన అంటే ఎకరాకు సుమారు 4 వేల లీటర్లు. పాతిక మిల్లీమీటర్లంటే లక్ష లీటర్లు! తేదీ వేసి పిల్లల నోటుబుక్కులో రాయించండి. నాలుగేళ్ల పుస్తకం చేతిలో ఉంటే మీ చేను వాన మీకే తెలుస్తుంది.

విత్తేటప్పుడు మధ్య మధ్య కంది, అనుమలు సాళ్లు తప్పక వేయండి. చెనక్కాయ దెబ్బతిన్నా, ఈశాన్య వానకు అవి లేస్తాయి. తిరుపతి వ్యవసాయ పరిశోధనా స్థానం విడుదల చేసిన ధరణి రకం బెట్టను కొంత ఓర్చుకుంటుంది. జులై దాటినా పదును రాకపోతే వేరుశనగ మీద ఆశ వదులుకుని, వాన పడినప్పుడు అలసంద, ఆ తర్వాత అయితే ఉలవ చల్లుకోవడం మేలు. ఉలవకు పెట్టుబడి తక్కువ, మేత గ్యారంటీ.

నైరుతి మోసం చేసిన ఏడాది ఈశాన్యమూ మోసం చేస్తుందని అనుకోవద్దు. 2015లో ఎల్‌నినో వల్ల దేశం మొత్తం మీద నైరుతి వాన 14 శాతం తగ్గింది. అదే ఏడాది నవంబరులో నెల్లూరు, చిత్తూరు జిల్లాల్లో కుండపోతగా కురిసింది. పసిఫిక్ సముద్రం వేడెక్కిన ఏళ్లలో ఇలా జరగడం మామూలే. కాబట్టి చేను ఎండిందని దిగులుపడి కూర్చోకుండా, సెప్టెంబరు లోపలే చెరువుకు వచ్చే వంకల్లో కంప కొట్టి, పూడిక తీసుకోవాలి. ఇది ఊరంతా కలిసి చేయాల్సిన పని. స్వర్ణముఖిలో పారేది కొద్ది రోజులే అయినా, ఇసుక ఉన్నంతవరకు నీళ్లు అందులో నిలుస్తాయి. ఇసుక తోడేసిన చోట గట్టు బావుల ఊట దిగిపోతుంది.

డిసెంబరులో వానలు తగ్గాక బావిలో నీళ్లు ఎన్ని మట్లున్నాయో కొలిచి, అదే నోటుబుక్కులో రాసుకోండి. వచ్చే కారులో ఎంత మడి వరి నాటాలో, ఎంత నేలకు చెనక్కాయ విత్తాలో ఆ అంకె చూశాకే తేల్చుకోవచ్చు.