బాటయు వేధశాలయు

జహీరాబాదు మీదుగా పోవు జాతీయ రహదారి తూర్పున హైదరాబాదును, పడమట షోలాపూరు మీదుగా పుణె నగరమును కలుపుచున్నది. రైతు పండించిన చెరకు, అల్లము ఈ బాటననే అంగడికి చేరును. రోగిని వైద్యశాలకు గొనిపోవునదియు ఇదియే. బాట లేని ఊరికి వృద్ధి లేదు. అయినను క్రొత్త బాట వేయుటకు ముందు దాని ప్రక్కన ఏమున్నదో విచారింపవలెను. అచ్చట శాస్త్ర పరిశోధనాలయమున్నచో ఆ విచారణ మరింత అవసరము.

ఏలయన, బాట వెంట మూడు వచ్చును: వెలుగు, అదురు, రేడియో తరంగములు. దీపముల వెలుగు ఆకాశమున వ్యాపించినచో చిన్న నక్షత్రములు కానరావు. బరువైన లారీలు పోవునపుడు నేల అదరును. ఆ అదురు మనకు తెలియకున్నను సున్నితమైన యంత్రములకు తెలియును. పెట్రోలు ఇంజనులోని నిప్పురవ్వ రేడియో తరంగములను వెదజల్లును. విద్యుత్ రైలు తీగల వద్ద ఎగయు రవ్వలును అట్టివే.

వెలుగు చేయు కీడునకు నిదర్శనము హైదరాబాదులోనే కలదు. 1901లో నవాబు జఫర్ జంగ్ స్థాపించిన నిజామియా వేధశాల పిదప బేగంపేటలో వెలసినది. నగరము పెరిగి దీపములు హెచ్చెను. అందుచే ఉస్మానియా విశ్వవిద్యాలయమువారు తమ 48 అంగుళముల దూరదర్శినిని నగరమునకు దూరముగా, జాపాల్, రంగాపూర్ గ్రామముల చెంత నెలకొల్పిరి. 1980 ఫిబ్రవరి 16న సంభవించిన సంపూర్ణ సూర్యగ్రహణమును శాస్త్రజ్ఞులు అచ్చటినుండి పరిశీలించిరి.

రేడియో తరంగముల చిక్కు పుణె సీమలో కలిగినది. పుణెకు ఉత్తరమున, నారాయణగావ్ సమీపమున ఖోడద్ అను గ్రామము కలదు. గోవింద్ స్వరూప్ నాయకత్వమున అచ్చట ఒక మహా రేడియో దూరదర్శినిని నిర్మించిరి. ఒక్కొక్కటి 45 మీటర్ల వ్యాసముగల 30 గ్రాహకములు అందు కలవు. సుదూర నక్షత్రమండలములనుండి వచ్చు అతి బలహీనములైన తరంగములను అవి పట్టుకొనును. సంతలో గుసగుస వినబడనట్లే, సమీపమున రణగొణ హెచ్చినచో ఆ తరంగములు తెలియరావు. పుణె, నాసిక్ నగరముల నడుమ తలపెట్టిన వేగ రైలుమార్గము దీని చెంతనుండి పోవలసియుండెను. శాస్త్రజ్ఞులు అభ్యంతరము తెలుపగా, ఆ మార్గమును మార్చుటకు రైల్వే శాఖ నిశ్చయించినది.

మార్గము మారినచో, రైలు కొరకు ఎదురు చూచిన ఊళ్ల ఆశ భగ్నమగును. ఆ ప్రజల మొర తోసివేయదగినది కాదు. వేధశాల దేశమునకు మేలు చేయునని చెప్పి, దాని భారమును ఇరుగుపొరుగు పల్లెల మీదనే మోపుట న్యాయము కాదు. వారికి వేరొక సౌకర్యమును కల్పింపవలెను. అట్లే, పల్లెకు బాట కావలెనని చెప్పి, ఎందరో ఏండ్ల తరబడి శ్రమించి నిర్మించిన దానిని నిరర్థకము చేయుటయు తగదు.

కావున ఇంజనీరు, శాస్త్రజ్ఞుడు, గ్రామస్థుడు ముందుగానే కలిసి కూర్చుండవలెను. బాటను కొంత దూరము జరుపుట, దీపముల వెలుగు నేలకే పడునట్లు మూతలు అమర్చుట వంటి ఉపాయములు కలవు. కాగితము మీది గీతను చెరుపుట సులభము. తారు పోసి, ఇరువైపుల అంగళ్లు వెలసిన పిదప బాటను మార్చుట దుస్సాధ్యము.