రద్దీ సుంకం: లాభనష్టాల బేరీజు

అమీర్‌పేట కూడలి నుండి పంజగుట్టకు గల దూరం స్వల్పమే. సాయంవేళ దానిని దాటడానికి పట్టే కాలం మాత్రం స్వల్పం కాదు. శిక్షణాకేంద్రాల విద్యార్థులు, దుకాణాలకు వచ్చేవారు, నిమ్స్ ఆసుపత్రికి చేరవలసిన రోగులు, అందరూ ఆ బారులోనే నిలుస్తారు.

ఈ ఆలస్యానికి వెల ఉన్నదనే అర్థశాస్త్రం చెబుతుంది. ఒక కారు అదనంగా రోడ్డెక్కి, వెనుకనున్న 60 మందిని అర నిమిషం చొప్పున ఆపిందనుకొందాం. సమాజం కోల్పోయినది 30 నిమిషాలు. కారు యజమాని భరించినది తన పెట్రోలు, తన కాలం మాత్రమే. ఆ మిగిలిన వెలను అతని నుండి రాబట్టడమే రద్దీ సుంకం.

సింగపూరు 1975లో, లండన్ 2003లో దీనిని విధించాయి. స్టాక్‌హోం 2006లో ప్రయోగంగా ఆరంభించి, 2007లో స్థిరపరచింది. మూడుచోట్లా సుంకం విధించిన ప్రాంతంలోనికి వచ్చే వాహనాలు తగ్గాయి. అయితే లండన్‌లో కాలక్రమాన రద్దీ మళ్ళీ పెరిగింది.

నష్టాలనూ తూచవలసి ఉన్నది. ధనికునికి లెక్కలోనికి రాని సుంకం ఆటో నడిపేవానికి ఆనాటి సంపాదనలో భాగం. సుంకం తప్పించుకొనే వాహనాలు పక్క వీధులలో చొరబడవచ్చు. వసూలుకూ ఖర్చు తప్పదు.

అమీర్‌పేటకు 2017లో, పంజగుట్టకు 2018లో మెట్రో వచ్చింది. కాని స్టేషను నుండి ఇంటికి చేర్చే బస్సు, నడవదగిన కాలిబాట లేనిదే కారు మానుకొనేవారెవరు? కనుక ముందు ఆ వసతి కల్పించి, పిదప సుంకం విధించి, వచ్చిన సొమ్మును తిరిగి బస్సులకే వినియోగించడం న్యాయమని మేము భావిస్తున్నాము.

విద్యార్థులు ఒక సాయంత్రం ఆ కూడలిలో నిలిచి, వాహనాలను గాక వాటిలోని మనుషులను లెక్కించి చూడవలెనని మా కోరిక.